ఆ బీరువాలో ఒక్క అర ఇవ్వలేమా?



ఈ పోస్టు పొడుగ్గానే ఉంటుంది. నా పోస్టులు ఎప్పుడు పొట్టిగా ఉన్నాయి గనక! టీ పెట్టుకుని చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. నా తెలుగు మీ కరీంనగర్ తెలుగూ కాదు, పుస్తకాల తెలుగూ కాదు. అక్షరం తప్పితే సర్దుకోండి. విషయం తప్పితే మాత్రం వదలకండి, కింద రాయండి.

పోయిన ఆదివారం మీటింగుకి వచ్చినవాళ్లకి తెలుసు, రానివాళ్ల కోసం చెప్తున్నాను. గ్రంథాలయానికి కొత్త బీరువా వచ్చింది, అందులో ఏ పుస్తకాలు పెట్టాలని చర్చ. డిగ్రీ రెండో సంవత్సరం చదివే మన కుర్రాడు ఒకడు లేచాడు. "ఒక్క అర కామిక్స్‌కి ఇవ్వండి. పుస్తకాలు మేమే తెస్తాం. సెలవుల్లో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తాం, సూపర్‌హీరో సినిమాల గురించి తెలుగులో మాట్లాడిస్తాం" అన్నాడు. సంఘం నుంచి పైసా అడగలేదు.

ఒక పెద్దాయన అన్నారు: "మీసాలు మొలిచినంక గూడ బొమ్మల పుస్తకాలేంది బిడ్డా?" హాలంతా నవ్వింది. ఇంకొకాయన అందుకున్నారు: "ప్యాంటు మీద చెడ్డీ ఏసుకునేటోని పుస్తకాలు మార్కండేయుని పటం కింద పెడ్తరా?" ఇంకా గట్టిగా నవ్వారు. కుర్రాడు కూర్చున్నాడు. టీ రాకముందే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ అంశం ఎజెండాలో కొట్టేశారు.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నా వయసు 66. మా ఇంట్లో అటక మీద రెండు ట్రంకు పెట్టెలున్నాయి. మా ఆవిడ ఎవరైనా అడిగితే "రైల్వే కాగితాలు" అని చెప్తుంది. అందులో ఉన్నవి రైల్వే కాగితాలు కావు, కామిక్స్. ఆ కుర్రాడి పక్షాన లేచి మాట్లాడాల్సినవాణ్ణి, నలుగురూ నవ్వుతున్నారని నేనూ పళ్లు ఇకిలించాను. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. అందుకే ఈ పోస్టు.

మాది అరక్కోణం వైపు. నాన్న రైల్వేలో కలాసీ. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకు 13 ఏళ్లప్పుడు, 1972లో, శివకాశి నుంచి ముత్తు కామిక్స్ మొదలైంది. మొదటి పుస్తకం 'ఇరుంబుక్కై మాయావి', అంటే ఇనుపచేతి మాయావి. కథ ఇంగ్లండుది, అక్కడ 1962లో వచ్చింది. ప్రయోగశాల ప్రమాదంలో ఒకడికి కుడి చెయ్యి పోతుంది. ఉక్కు చెయ్యి అమర్చుకుంటాడు. కరెంటు షాకు తగిలితే మనిషి మాయమవుతాడు, ఉక్కు చెయ్యి ఒక్కటే గాలిలో కనబడుతుంది. బడి పుస్తకం నాలుగు పేజీలు చదవడానికి ఏడ్చేవాణ్ణి, ఆ పుస్తకం మాత్రం వీధి దీపం కింద నిలబడి పూర్తి చేశాను. నాకు తమిళం వచ్చింది బడిలో అని మా మాష్టారు అనుకున్నారు. నిజానికి మాయావి నేర్పాడు.

తర్వాత ఉద్యోగం వచ్చి కళ్యాణ్ చేరాను. హిందీ రాదు. ఆఫీసులో ఫైలు మీద ఏం రాశారో అర్థమయ్యేది కాదు. స్టేషన్‌లో వీలర్ స్టాల్లో ఇంద్రజాల్ కామిక్స్ కొనేవాణ్ణి. ఫాంటమ్‌ని హిందీలో వేతాళ్ అనేవాళ్లు. బొమ్మ చూస్తే కథ తెలుస్తుంది, కథ తెలిస్తే మాట తెలుస్తుంది. 1986 నుంచి రాజ్ కామిక్స్ వాళ్ల నాగరాజ్ వచ్చాడు. లోకల్ బండిలో నిలబడి అవి చదివి హిందీ నేర్చుకున్నాను. నా ప్రమోషన్ పరీక్షలో సగం మార్కులు నాగరాజ్‌వే అంటే నవ్వకండి.

తెలుగు చదవడం పెళ్లి అయ్యాక నేర్చుకున్నాను. మామగారిది ఇక్కడే పద్మనగర్. వాళ్లింట్లో చందమామలు ఉండేవి. నా దగ్గర ఊరి నుంచి తెచ్చిన అంబులిమామలు ఉన్నాయి, అంటే తమిళ చందమామ. అదే కథ, అవే బొమ్మలు, అక్షరాలు వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకున్న బొమ్మ దగ్గర మొదలుపెట్టాను. ఈ తమిళ మాట తెలుగులో ఇదన్నమాట అని వేలు పెట్టి చదివాను. ఈ రోజు మీరు చదువుతున్న ఈ పోస్టు ఆ బొమ్మల పుణ్యమే.

ఇప్పుడు చెప్పండి. బొమ్మల పుస్తకం చదివితే చదువు పాడవుతుందా? మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీనో ఇంగ్లీషో చదువుతారు. బోర్డు మీద సంఘం పేరు తెలుగులో ఉంటే చదవలేక పక్కనున్న మరాఠీ చదువుతారు. బీరువాలో మనం పెట్టిన పెద్ద పెద్ద గ్రంథాలు వాళ్లు ఎప్పుడు తెరుస్తారు? నిజం మాట్లాడుకుందాం, మనం ఎప్పుడు తెరిచాం? మా మనవడు తెలుగు పుస్తకం ముట్టడు. కానీ థానోస్ మాటలు తెలుగులో అప్పజెప్తాడు. 2018లో 'ఇన్ఫినిటీ వార్'లో, 2019లో 'ఎండ్‌గేమ్'లో థానోస్‌కి తెలుగు గొంతు రానా దగ్గుబాటిది. ఇంటి బయట ఆ పిల్లవాడు ఇష్టంగా విన్న తెలుగు అదొక్కటే. ఆ దారి కూడా మనం మూసేస్తే ఇంకే దారిలో రమ్మంటాం?

మీటింగులో వచ్చిన అభ్యంతరాలు ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది, ఇది విదేశీ చెత్త, మనది కాదు అన్నారు.

మన పెద్దవాళ్లు ఊళ్లో కూనపులి వాళ్ల కథ చూసి ఉంటారు. పద్మశాలీలకు పటం కథ చెప్పడమే వాళ్ల వృత్తి. చేర్యాల నకాశీ వాళ్లు గీసిన పటం, మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడుగు. ఎర్రటి నేల మీద గళ్లు గళ్లుగా బొమ్మలు, గడికీ గడికీ మధ్య పూల అంచు. ఒక్కో గడి విప్పుకుంటూ కథ చెప్తారు. మార్కండేయ పురాణం, భావనారుషి కథ. తామర నారతో బట్ట నేసి లోకం ఒళ్లు కప్పినవాడు, పులిని వాహనం చేసుకున్నవాడు భావనారుషి. అయ్యా, గళ్లల్లో వరసగా బొమ్మలు, మామూలు మనిషికి లేని శక్తి, వింత వాహనం, దుష్టుడితో పోరు. దీన్ని ఏమంటారు? మన కులానికి వందల ఏళ్ల కిందటే సొంత కామిక్స్ ఉంది. కాగితం మీద కాదు, బట్ట మీద. ఆ బట్టకి గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి గట్టిపరుస్తారు. సైజింగ్‌లో పనిచేసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. మార్కండేయుని పటం కింద కామిక్స్ పెడతారా అని అడిగారు. ఆ పటం పక్కన పెట్టదగ్గ పుస్తకం ఏదైనా ఉంటే అది కామిక్సే అని నేనంటాను.

ఇక విదేశంలో దీన్ని ఎవరు పుట్టించారో చూడండి. సూపర్‌మ్యాన్‌ని తయారుచేసింది ఇద్దరు కుర్రాళ్లు, జెర్రీ సీగెల్, జో షుస్టర్. ఇద్దరూ పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన యూదుల పిల్లలు. షుస్టర్ తండ్రి టొరంటోలో దర్జీ. సీగెల్ తండ్రిది క్లీవ్‌లాండ్‌లో బట్టల కొట్టు, 1932లో కొట్టులో దొంగతనం జరిగినప్పుడు కుప్పకూలి చనిపోయాడు. కెప్టెన్ అమెరికాని తయారుచేసినవాళ్లు జో సైమన్, జాక్ కిర్బీ. సైమన్ తండ్రి దర్జీ. కిర్బీ తండ్రి న్యూయార్క్‌లో బట్టల కార్ఖానాలో కూలి. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే ఆ ఇద్దరూ కెప్టెన్ అమెరికా మొదటి పుస్తకం అట్ట మీద హిట్లర్ దవడ పగలగొట్టించారు. స్పైడర్‌మ్యాన్ కథ రాసిన స్టాన్ లీ తండ్రి బట్టలు కత్తిరించే పనివాడు.

గమనించారా? అందరూ బట్ట పని చేసేవాళ్ల పిల్లలు. ఊరు వదిలి, భాష తెలియని పట్నంలో ఒక గదిలో ఇరుక్కుని, చెవుల్లో మిషన్ల చప్పుడుతో పెరిగినవాళ్లు. పగలు ఎవరూ పట్టించుకోని బక్క మనిషి, కానీ లోపల ఎవరికీ తెలియని బలం ఉంది అనే కథ వాళ్లకి ఎందుకు తోచిందో భివండిలో పుట్టిన పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సాంచాల మధ్య పెరిగిన మన పిల్లలకి ఆ కథ నచ్చిందంటే అది పరాయి మోజు కాదు. ప్యాంటు మీద చెడ్డీ అని నవ్వాం, దర్జీ కొడుకు గీసిన బట్ట అది. కథల్లో స్పైడర్‌మ్యాన్ తన బట్టలు తానే కుట్టుకున్నాడు. 2021లో వచ్చిన 'మిన్నల్ మురళి' చూడండి, తెలుగులోనూ ఉంది. కేరళ పల్లెలో పిడుగు పడి శక్తి వచ్చినవాడు ఎవరు? ఒక దర్జీ.

పైగా మన ద్వంద్వనీతి కూడా చూడండి. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' వేషం వేస్తే తప్పు లేదు. 2024 సంక్రాంతికి 'హను-మాన్' వస్తే మనలో ఎంతమంది కుటుంబాలతో వెళ్లలేదు? నేను వెళ్లాను, మీటింగులో నవ్విన పెద్దాయన కూడా ఇంటర్వెల్‌లో కనబడ్డారు. ప్రశాంత్ వర్మ దాన్ని సూపర్‌హీరో సినిమా అని చెప్పే తీశారు. తెర మీద చూస్తే భక్తి, పుస్తకంలో చూస్తే వెర్రి?

రెండోది, పిల్లలు చెడిపోతారు అన్నారు.

ఈ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ వచ్చినప్పుడు పిల్లలు అనుకరించబోయి దెబ్బలు తగిలించుకుంటున్నారని పెద్ద గొడవ అయింది. శక్తిమాన్ వేషం వేసిన ముకేశ్ ఖన్నా ఎపిసోడ్ చివర వచ్చి పిల్లలకి బుద్ధులు చెప్పేవారు. అలాగే నాకెంతో ఇష్టమైన వేతాళ్ కథ ఇప్పుడు చదివితే ఒకటి గుచ్చుకుంటుంది. అడవి మనుషులందరికీ రక్షకుడు ఒక తెల్లవాడే ఎందుకు కావాలి? 14 ఏళ్లప్పుడు ఈ ప్రశ్న రాలేదు. పక్కన కూర్చుని అడిగేవాళ్లు ఉంటే వచ్చేదేమో. ఆ కుర్రాడు అడిగింది సరిగ్గా అదే కదా? పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తాం, మాట్లాడిస్తాం అన్నాడు. ఫోన్‌లో ఒంటరిగా, తలుపేసుకుని చూసేదాన్ని హాల్లోకి, నలుగురి మధ్యకి తెస్తానన్నవాణ్ణి మనం వెళ్లగొట్టాం. ఇప్పుడు చెడిపోతారని దిగులుపడుతున్నాం.

మూడోది, ఇవి చదివితే ఏం వస్తుంది అన్నారు.

మా బావమరిది సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కిందటి మాట. సాంచా పట్టాలో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఎక్కడ, ఎవరి కార్ఖానా అన్నది ఇక్కడ వద్దు. ఆయన కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. కట్టు విప్పాక ఆ చెయ్యి చూసి వాడు భయపడ్డాడు. బాపు కలిపి పెట్టే ముద్ద తినడం మానేశాడు. ఆయన అన్నం పళ్లెం పట్టుకుని కూర్చునేవాడు, వాడు మా అక్కయ్య వెనక దాక్కునేవాడు. ఎవరు ఎంత చెప్పినా వినలేదు.

ఒకరోజు నా ట్రంకు పెట్టెలోంచి మాయావి పుస్తకం తీసుకెళ్లాను. వాడికి తమిళం రాదు. నేను బొమ్మ చూపిస్తూ తెలుగులో చెప్పాను. చెయ్యి పోయినా లోకమంతా భయపడే మనిషి, కరెంటు ముట్టుకుంటే మాయమయ్యే మనిషి, అందరికంటే బలమైనది ఆ చెయ్యే. రెండు రోజులు అదే కథ మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. కరెంటు జోలికి పోతే మాయం కావడం కాదు, చచ్చిపోతారని కూడా గట్టిగా చెప్పాననుకోండి. మూడో రోజు గల్లీలో పిల్లలతో "మా బాపుది మాయావి చెయ్యి" అని గొప్పలు పోతున్నాడు. ఆ రాత్రి ఆ చేత్తోనే ముద్ద తిన్నాడు. మా బావమరిది లేచి బయటికి వెళ్లి చాలాసేపు లోపలికి రాలేదు.

ఆ పుస్తకం వేళ్లు తెచ్చి ఇవ్వలేదు. నష్టపరిహారమూ తేలేదు. కానీ ఆ ఇంట్లో ఆ పని మనలో ఎవరం చేయగలిగాం?

ఇప్పుడు కుర్రవాళ్లకి కూడా ఒక మాట. మీ పక్షాన రాస్తున్నాను గదా అని మొత్తం వెనకేసుకొస్తాననుకోవద్దు.

సూపర్‌మ్యాన్ మొదటి కథ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చింది. 13 పేజీలు, పేజీకి పది డాలర్లు, మొత్తం 130 డాలర్లు. ఆ చెక్కు తీసుకుని హక్కులన్నీ రాసిచ్చేశారు ఆ ఇద్దరూ. మన దగ్గర మీటరు లెక్క, వాళ్ల దగ్గర పేజీ లెక్క, అంతే తేడా. ఆ బొమ్మతో కంపెనీలు కోట్లు గడించాయి. సృష్టించినవాళ్లు ముసలితనంలో డబ్బుకి కటకటలాడారు. పత్రికల్లో గోల పెట్టాక, సాటి చిత్రకారులు అండగా నిలిచాక, 1975 చివర్లో ఏడాదికి 20,000 డాలర్ల పింఛను ఇచ్చారు, పేర్లు మళ్లీ వేశారు. 37 ఏళ్లు పట్టింది.

కాబట్టి ఏ కంపెనీ హీరో గొప్ప అని గ్రూపులో అర్ధరాత్రి దాకా కొట్టుకోవడం మానండి. కంపెనీ మీకు చుట్టం కాదు. మొదటిరోజు మొదటి ఆట టిక్కెట్టుకి అప్పు చేయడం అభిమానం కాదు. ఆ బొమ్మ గీసిన చెయ్యి ఎవరిది, దానికి ఎంత కూలి ముట్టింది అని అడిగేవాడే నా లెక్కన అసలు అభిమాని. సాంచా కార్మికుల పిల్లలు మీరు. ఆ ప్రశ్న మీరు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఇంకొకటి. చూడటంతో ఆగొద్దు. తమిళంలో ముత్తు, లయన్ కామిక్స్ శివకాశి నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. మా ఈడు మనుషులు పోస్టులో తెప్పించుకుని చదువుతారు, బయటికి చెప్పుకుంటారు కూడా. 1947లో పుట్టిన మన చందమామ ఆగిపోయింది. మనం సిగ్గుపడ్డాం, వాళ్లు పడలేదు, నాకు కనిపించే తేడా ఇదే. ఇంద్రజాల్ వాళ్లు ఎప్పుడూ వేతాళ్, మాండ్రేక్‌లేనా అనుకుని 1976లో బహదూర్ అనే మన దేశపు హీరోని పెట్టారు, ఆబిద్ సుర్తీ సృష్టించారు. భావనారుషి పులిని మీరెందుకు గీయకూడదు? రాత్రి పాళీలో సాంచా నడిపే అమ్మాయి హీరో ఎందుకు కాకూడదు? వరాలదేవి చెరువు దగ్గర, కామత్‌ఘర్ గల్లీల్లో కథ ఎందుకు జరగకూడదు? తెలుగులో రాయండి. తప్పులుంటే నేను దిద్దుతాను అనలేను, నావే ఎవరో దిద్దాలి. మా ఆవిడ దిద్దుతుంది.

చివరగా పెద్దలకి నా విన్నపం, నాలుగు ముక్కల్లో.

ఆ అంశాన్ని వచ్చే మీటింగు ఎజెండాలో మళ్లీ పెట్టండి. నేను ప్రతిపాదిస్తాను, బలపరిచేవాళ్లు ఒక్కరు చాలు.

బీరువాలో కింది అర ఇవ్వండి, చిన్నపిల్లల చేతికి అందేలా. పై అరలో మన గ్రంథాలు క్షేమంగానే ఉంటాయి, వాటిని ఎవరూ కదిలించరు.

నా రెండు ట్రంకు పెట్టెల్లో ఒకటి సంఘానికి ఇస్తున్నాను. తమిళం, హిందీ, కొన్ని తెలుగు చందమామలు. మాయావి పుస్తకం మాత్రం ఇవ్వను. అది మా బావమరిది ఇంట్లో ఉంది, ఆ పిల్లవాడు, అంటే ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, తిరిగి ఇవ్వనన్నాడు.

నాలుగోది, ఆ కుర్రాడు పోయిన ఆదివారం నుంచి గ్రూపులో మాట్లాడటం లేదు. గణపతి పందిరి కట్టేటప్పుడు, రక్తదానం అన్నప్పుడు, ముసలివాళ్ల ఆధార్ పనులున్నప్పుడు ముందుగా వచ్చేవాడు వాడే. యువకులు సంఘానికి రావడం లేదని ప్రతి వార్షిక నివేదికలో రాస్తాం. ఎందుకు రావడం లేదో పోయిన ఆదివారం నేను కళ్లారా చూశాను.

బాబూ, ఇది చదువుతుంటే నీకే చెప్తున్నాను. ఆ రోజు నవ్వినందుకు తప్పు నాది. ఈ ఆదివారం సాయంత్రం ఇంటికి రా. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, పెట్టె అటక మీద ఉంది.